మెట్ల మలుపులో కబోర్డు

పెరటి గుమ్మంలో కూర్చుని, పాత టూత్‌బ్రష్‌తో పిడులు తోముతోంది పిచ్చుక. పక్కన బకెట్టు, బకెట్టులో సబ్బు నీళ్ళు, నీళ్ళ అడుగున వంటింటి కబోర్డుల పిడులు. కబోర్డులు మాత్రం లేవు. వరద నీళ్ళు తాగి, ఉబ్బి, పొరలు పొరలుగా విడిపోయి ఎప్పుడో చెత్తబండి ఎక్కాయి. పిడులు మిగిలాయి, స్క్రూ గాడుల్లో నల్లటి బురదతో సహా.

ఇంట్లో ఆమెను పిచ్చుక అంటారు. చిన్నప్పుడు నోరు మూసేది కాదని నాన్న పెట్టిన పేరు. వరద తర్వాత మాటలు తగ్గాయి, కోపం పెరిగింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

"అవి పనికిరావండి," అన్నారెవరో.

తలెత్తి చూసింది. భుజాన సంచి, చెవి మీద పెన్సిలు, చేతిలో టేపు. ఎవరో అడగాల్సిన అవసరం లేదు.

"ఎందుకు పనికిరావు?"

"పైన స్టీలు పూతండి. లోపల ఇనుము. తుప్పు పట్టి ఉంటుంది."

"లోపల ఏముందో మీకెలా తెలుసు?"

"బిగించింది మా నాన్న."

పిచ్చుక చేతిలోని పిడిని బకెట్టులోకి విసిరింది. నీళ్ళు చింది అతని ప్యాంటు మీద పడ్డాయి. కావాలని చెయ్యలేదు. కానీ సారీ చెప్పాలని కూడా అనిపించలేదు.

"అయితే ఆ అట్టపెట్టెలు చేసిన పెద్ద మేస్త్రి కొడుకు మీరేనా?"

"నేనేనండి."

"బాగుంది. తండ్రి ముంచాడు, ఇప్పుడు కొడుకుని పిలిచాం. మా తెలివి చూడండి."

"ఇంకెవరైనా దొరికితే వాళ్ళనే పిలిచేవారు కదండీ," అన్నాడు చిన్న మేస్త్రి, ప్యాంటు దులుపుకుంటూ.

అది నిజం. అందుకే ఆమెకు ఇంకా కోపం వచ్చింది. వరద తర్వాత అందరి ఇళ్ళకీ తలుపులు కావాలి, బీరువాలు కావాలి. వడ్రంగులు మాత్రం పెరగలేదు. అడిగిన వాళ్ళందరూ వచ్చే ఏడాది చూద్దామన్నారు. అడగ్గానే వచ్చింది ఇతనొక్కడే.

నాన్న హాల్లోంచి కేకేశాడు. "వచ్చాడా? ముందు ఇటు రమ్మను."

వీధి గుమ్మం పక్కన ఒక ఉబ్బిన కబోర్డు తలుపు గోడకి ఆనించి ఉంది. చెత్తబండి వాళ్ళు అడిగినా నాన్న ఇవ్వలేదు. పెద్ద మేస్త్రి ఈ గడప తొక్కిన రోజున అతని చేతుల్లో పెట్టి అడగాలని దాచాడు. పెద్ద మేస్త్రి గడప తొక్కలేదు. తలుపు అక్కడే నిలబడి ఉంది.

"చూశావా మీ నాన్న పనితనం?"

"చూశాను సార్."

"ఏమంటావ్?"

"కొలతలు తీసుకోవచ్చా అంటాను."

నాన్న మొహం ఎర్రబడింది. "తీసుకో. ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఈ ఇంట్లో 'మళ్ళీ' అనకూడదు. మళ్ళీ నీళ్ళొస్తే, మళ్ళీ మునిగితే, అలాంటి మాటలు నాకు పనికిరావు."

"మీరే మూడుసార్లు అన్నారు," అంది అమ్మ మేడ మీది నుంచి.

"నా ఇల్లు. నేను అనొచ్చు."

చిన్న మేస్త్రి నవ్వు ఆపుకోవడం పిచ్చుక చూసింది. ఆమెకూ నవ్వొచ్చింది. అతని ముందు నవ్వడం ఇష్టంలేక బకెట్టు దగ్గరికి వెళ్ళిపోయింది.

*

అతను చెప్పిన అంకె విని పిచ్చుక వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

వచ్చిన పరిహారం గోడలకి, నేలకి, కరెంటు వైర్లకి సరిపోయింది. వంటింటికి మిగిలింది కొంచెమే. దానికి తను పై కోర్సు చదవడం కోసం దాచుకున్న డబ్బు కలిపింది. రక్తపరీక్షల ల్యాబులో రెండేళ్ళుగా సూదులు గుచ్చి కూడబెట్టిన డబ్బు అది. అంతా కలిపినా అతను చెప్పిన అంకెలో సగం దాటి కొద్దిగా వస్తుంది.

మేడ మీద గదిలో అమ్మ మంచం పక్కన ఒంటి పొయ్యి పెట్టుకుని, నేల మీద కూర్చుని వండుతోంది. లేవాలంటే మంచం పట్టె పట్టుకోవాలి. మోకాళ్ళు నొప్పి అని ఒక్కసారీ అనలేదు. అనకపోవడమే పిచ్చుకకు ముల్లులా ఉంది. ఎలాగైనా అమ్మ నిలబడి వండుకునే వంటిల్లు కావాలి. ఈ డబ్బులోనే కావాలి. ఇంకోసారి కూడబెట్టే ఓపిక ఈ ఇంట్లో ఎవరికీ లేదు.

"రెడీమేడ్ కొంటే సగంలో వస్తుందిగా?"

"కొనండి. మీ వంటింటి మూల వంకర. రెడీమేడ్ వాటికి మూలలు తిన్నగా ఉంటాయి. మధ్యలో ఇంత సందు మిగులుతుంది. ఎలుకలు సంసారం పెట్టుకోవచ్చు."

"సరే, ఇక్కడే చెయ్యండి. కింద మామూలు బోర్డు వెయ్యండి."

"వెయ్యను."

"డబ్బు మాది."

"చెయ్యి నాది. ఆ బోర్డు నీళ్ళు తగిలేదాకానే బోర్డు. తర్వాత అట్ట. మీరే అన్నారు, అట్టపెట్టెలని."

"అయితే కింద తలుపులు తీసెయ్యండి. ఉట్టి అరలు చాలు."

"తీశాను."

"వెనక పలకలు కూడా వద్దు. గోడ ఉందిగా."

అతను పెన్సిలు చెవి మీది నుంచి తీసి, చూసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు. "వెనక పలక లేని కబోర్డు వీపు లేని చొక్కాలా ఉంటుందండి."

"ముందు నుంచి చూసేవాళ్ళకి తెలియదుగా. పాత పిడులే వాడండి. తుప్పు నేను గీకి ఇస్తాను."

"ఇంకేమైనా కొయ్యాలా? నా కూలి, నా మధ్యాహ్నం భోజనం?"

"భోజనం మీరు తెచ్చుకునేదే కదా."

అప్పుడు నవ్వాడు. ఆ నవ్వు బాగుంది. బాగున్నందుకు ఆమెకు చిరాకేసింది.

"గోడకి బిగించే పని నాకొదిలెయ్యండి," అన్నాడు వెళ్తూ వెళ్తూ. "అక్కడ కొంత మిగులుస్తాను. ఎలాగో అడక్కండి."

*

పని మొదలైంది. ఇల్లంతా రంపపు పొట్టు, కొత్త చెక్క వాసన.

మెట్లు వంటింటి పక్క నుంచే మేడ మీదికి వెళ్తాయి. మధ్యలో ఒక మలుపు. మూడో మెట్టు మీద కూర్చుంటే వంటిల్లంతా కనిపిస్తుంది. పొద్దున ల్యాబుకి వెళ్ళే ముందు, సాయంత్రం వచ్చాక, పిచ్చుక టీ గ్లాసు పట్టుకుని అక్కడే కూర్చునేది. తన డబ్బు ఏ ముక్కగా మారుతోందో చూసుకోవడానికని అమ్మతో చెప్పింది. అమ్మ రెండో గ్లాసు కూడా ఇచ్చి పంపడం మొదలుపెట్టింది.

"మేడం, ఈ ముక్క జానెడుంది. పారెయ్యడానికి పర్మిషన్ ఉందా?"

"ఉంచండి. సొరుగు అడుక్కి పనికొస్తుంది."

"ఏదీ పారెయ్యరా మీరు? పని అయిపోయాక నన్ను కూడా ఏదో ఒక మూల దాచుకునేలా ఉన్నారు."

"మీరు దేనికి పనికొస్తారు?"

"ఆలోచించి చెప్తాను."

ఆలోచించాడేమో తెలియదు, చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు. కానీ ల్యాబులో ఒక పెద్దాయన చెయ్యి ముందుకు చాపి కూర్చుంటే, సూది పట్టుకుని ఎటో చూస్తూ ఉండిపోయింది. "అమ్మాయ్, గుచ్చుతావా, ఇంటికి పొమ్మంటావా?" అని ఆయనే అడిగాడు.

ఒకరోజు సాయంత్రం వాన అందుకుంది. మొదట చినుకులు, తర్వాత కుండపోత. పిచ్చుక టీ గ్లాసు మెట్టు మీదే వదిలేసి వీధి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. కాలవ వైపు చూస్తోంది. నీళ్ళు రోడ్డు మీదికి వస్తున్నాయి. చేత్తో తలుపు చెక్కని గట్టిగా పట్టుకుంది.

వెనక డ్రిల్లు చప్పుడు ఆగింది.

"నీళ్ళు ఎదురింటి అరుగుకి తగల్లేదింకా," అన్నాడు చిన్న మేస్త్రి. "అరుగుకి తగిలితేనే మనకి భయం."

అతను అదే చూస్తున్నాడు. ఆమె ఏం చూస్తోందో అతనికి ముందే తెలుసు. రోజూ గమనిస్తున్నాడన్నమాట. ఎవరో తన మందుల చీటీ చదివేసినంత కోపం వచ్చింది పిచ్చుకకు.

"నేను వాన చూస్తున్నాను. వాన అంటే ఇష్టం."

"అవునా?"

"మీ పని మీరు చూసుకోండి."

వెళ్ళి డ్రిల్లు పట్టుకున్నాడు. కానీ వాన తగ్గేదాకా స్విచ్చి నొక్కలేదు.

*

పై వరస కబోర్డులు గోడకి ఎక్కిన మర్నాడు ఆదివారం. పిచ్చుక తడి గుడ్డ పట్టుకుని కొత్త చెక్క మీద పొట్టు తుడుస్తోంది. మధ్య కబోర్డు అడుగున చెయ్యి పెట్టి కాస్త పైకి నెట్టింది.

కబోర్డు గోడ నుంచి ఊడి ఆమె చేతుల్లోకి వచ్చింది.

మోకాలు అడ్డం పెట్టి, ఎలాగో తిరిగి గోడకి ఆనించింది. పక్కది నెట్టి చూసింది. అదీ కదిలింది. ఒక్కదానికీ గోడలోకి స్క్రూ లేదు. గోడకి ఒక చెక్క పట్టీ ఉంది, దాని గాడిలో కబోర్డు ఊరికే కూర్చుని ఉంది.

బిగించే దగ్గర మిగులుస్తానన్నాడు. ఇదా మిగల్చడం?

చిన్న మేస్త్రి వచ్చేసరికి ఆమె వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"అమ్మ ఈ కింద నిలబడి వండాలి, తెలుసా నీకు? అది నెత్తి మీద పడితే?"

'మీరు' అన్న మాట ఎక్కడ పోయిందో ఇద్దరూ గమనించలేదు.

"పడదు. పైకెత్తితేనే వస్తుంది."

"స్క్రూలు మిగుల్చుకున్నావా? బడ్జెట్ తగ్గించమంటే గోడకి బిగించడమే తగ్గించేశావా?"

చప్పుడు విని నాన్న వచ్చాడు. చూశాడు. "తండ్రి అట్టతో చేశాడు, కొడుకు గాల్లో వేలాడదీశాడు. వంశం అంతా ఒకే పనితనం."

చిన్న మేస్త్రి ఏదో అనబోయి నాన్న వైపు చూసి ఆగాడు. ఆ చెప్పాల్సిన మాటలో 'మళ్ళీ' ఉంది. ఈ ఇంట్లో అనకూడదు.

అందుకని మధ్య కబోర్డు కింద రెండు చేతులూ పెట్టి, ఎత్తి, గోడ నుంచి తీసి, భుజానికెత్తుకున్నాడు. స్క్రూడ్రైవర్ లేదు, సుత్తి లేదు. తిన్నగా మెట్ల వైపు నడిచాడు.

"ఎక్కడికి?"

"చూడు."

మూడు మెట్లు, ఐదు మెట్లు ఎక్కాడు. నీళ్ళొచ్చిన రోజున ఇంట్లో ఎవరో ఒకరు ఇలా ఒక్కొక్కటీ ఎత్తి మేడ మీదికి చేర్చెయ్యొచ్చని, ఆ మాట అనకుండానే చూపిస్తున్నాడు. పిచ్చుకకు అర్థమైంది. అర్థమై, అతని వెనకే పరిగెత్తింది.

"ఆగు. అది వెళ్ళదు."

"వెళ్తుంది."

"మలుపు దగ్గర పట్టదు, ఆగమంటున్నానా?"

ధన్ మని చప్పుడు. కబోర్డు మలుపులో రెండు గోడల మధ్య ఇరుక్కుపోయింది. అతను లాగాడు. నెట్టాడు. ఇంకా బిగుసుకుంది. అతను అవతల, పై మెట్ల మీద. ఆమె ఇవతల. మధ్యలో కబోర్డు.

దానికి ముందు తలుపు ఇంకా వెయ్యలేదు. వెనక పలక ఆమే వద్దంది. అందుకని కిటికీలో చూసినట్టు ఒకరికొకరు కనిపిస్తున్నారు. మధ్య అరకి పైన అతని మొహం. అర కింద అతని మోకాళ్ళు.

"అన్నీ కొలిచావు," అంది పిచ్చుక. "మూల వంకర కొలిచావు. మా అమ్మ మోచేతి ఎత్తు కొలిచావు. మెట్ల మలుపు కొలవలేదా?"

"లేదు."

"ఎందుకని?"

అతను చెమట తుడుచుకున్నాడు.

"నిన్నే. ఎందుకు కొలవలేదు?"

"నువ్వు కూర్చుంటావుగా."

"ఎక్కడ?"

"మెట్ల మీద. టీ గ్లాసు పట్టుకుని. వచ్చినప్పుడల్లా అక్కడే ఉంటావు. లేవండి, కొలత తీసుకోవాలి అంటే లేచి లోపలికి వెళ్ళిపోతావు. తిరిగొచ్చి కూర్చుంటావో లేదో." ఆగాడు. "అందుకని అడగలేదు."

పిచ్చుకకు కోపం అలాగే ఉంది, కానీ దాన్ని ఎటు విసరాలో తెలియడం లేదు.

"ఇంత ఖర్చు పెట్టి చేయించుకుంటుంటే, నువ్వు నా మొహం చూస్తూ కొలతలు వదిలేశావా?"

"వదిలేశాను. తప్పే."

"ఆ రోజు," అంది ఆమె. "అమ్మ కుట్టుమిషన్ పైకి తెస్తుంటే ఇక్కడే ఇరుక్కుంది. ఇదే మలుపు. నేను ఇక్కడ, అమ్మ అక్కడ. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. వదిలేశాం. నన్నడిగి ఉంటే మొదటి రోజే చెప్పేదాన్ని. ఈ ఇంట్లో ఏది పైకి వెళ్తుందో, ఏది వెళ్ళదో నాకన్నా ఎవరికి తెలుసు?"

అర మీది నుంచి అతని మొహం కాసేపు కనిపించలేదు. తల వంచుకున్నాడు.

"మా నాన్న అప్పటి నుంచి ఉలి పట్టుకోలేదు," అన్నాడు. "ఏ వీధిలోకి వెళ్ళినా ఉబ్బిన తలుపులే, సగం ఆయన చేసినవే. ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు. అందుకే ఇలా చేస్తున్నాను, ఎత్తితే వచ్చేలా. నీళ్ళని నేను ఆపలేను. నువ్వు వానొస్తే గుమ్మంలో అలా నిలబడతావే, అది చూస్తే నాకు ఎంత కోపమొస్తుందో తెలుసా?"

"నా మీదా?"

"వాన మీద."

కింద హాల్లో నాన్న ఉన్నాడు. అన్నీ వినిపిస్తున్నాయి. మేడ మీది నుంచి అమ్మ గొంతు వచ్చింది, మెల్లగా, అందరికీ వినపడేలా.

"మంచి చెక్క వేస్తానని ఆ రోజు పెద్ద మేస్త్రి గీపెట్టాడు. చవక బోర్డు చాలన్నది ఎవరో వాళ్ళకి తెలుసు. గడప దాటి నీళ్ళు రావు, ఏదీ పైకి మొయ్యొద్దు అన్నది కూడా ఎవరో తెలుసు. నేను అనను." కాస్త ఆగి, "ఇంతకీ నేను కిందికి ఎలా రావాలర్రా?" అంది.

హాల్లో కుర్చీ జరిగిన చప్పుడైంది.

"రంపం ఇవ్వు," అన్నాడు చిన్న మేస్త్రి. "నిలువుగా రెండు ముక్కలు చేస్తాను. అప్పుడు పైకి వెళ్తాయి."

"ఎన్ని కబోర్డులు?"

"పై వరస అన్నీ. ఒక్కోదానికీ కొత్తగా రెండు పక్కలు వెయ్యాలి. ఖర్చు నేను పెట్టుకుంటాను."

"నీ దానం మాకొద్దు."

"దానం కాదు. నా తప్పు."

"మెట్ల మీద కూర్చున్నది నేను. సగం నాది."

"సగం ఎక్కడి నుంచి తెస్తావు?"

"ల్యాబులో ఆదివారాలు కూడా చేస్తాను. నువ్వు సాయంత్రాలు ఎక్కువసేపు చెయ్యి. కోపం తగ్గిందనుకోకు."

"అనుకోలేదు."

కిందికి వెళ్ళి రంపం తెచ్చింది. కబోర్డులోంచి, అర పైనుంచి అందించింది. అతను అందుకుంటూ ఆమె వేళ్ళు కూడా కలిపి పట్టుకున్నాడు. ఆమె వెంటనే లాక్కోలేదు.

"పని అయిపోయాక," అన్నాడు, "నేను దేనికి పనికొస్తానో ఆలోచించాను."

"ముందు ఇది కొయ్యి. అమ్మ పైన ఇరుక్కుపోయింది."

"చెప్పనా, వద్దా?"

"రేపటి నుంచి నేను నాలుగో మెట్టు మీద కూర్చుంటాను," అంది పిచ్చుక, కబోర్డు ఇవతలి అంచు రెండు చేతులతో గట్టిగా అదిమిపట్టుకుని. "మూడోది ఖాళీగా ఉంటుంది. టీ అక్కడ తాగు."

రంపం మొదలైంది. కొత్త చెక్క మీద కోత పడుతుంటే ఇద్దరికీ ప్రాణం విలవిలలాడింది. పొట్టు ఆమె జుట్టులో పడుతోంది. బయట వాన మొదలైన చప్పుడు వినిపించింది. పిచ్చుక చెవులు రిక్కించింది, కానీ అంచు వదల్లేదు. గుమ్మం దగ్గరికి వెళ్ళలేదు.

మెట్ల మీది నుంచి వంగి చూస్తే హాలు కనిపిస్తుంది. నాన్న వీధి గుమ్మం దగ్గర ఉన్నాడు. ఉబ్బిన తలుపు రెండు చేతులతో ఎత్తుకున్నాడు. దాన్ని పట్టుకుని పెద్ద మేస్త్రి ఇంటి మీదికి వెళ్తాడనుకుంది పిచ్చుక.

నాన్న తలుపుని పెరట్లోకి మోసుకెళ్ళి చెత్త చెక్కల కుప్ప మీద పడేశాడు. చేతులు దులుపుకుని వచ్చాడు. చెప్పులు వేసుకున్నాడు. గోడకి తగిలించిన చిన్న గొడుగు తీసి, దాని వైపు ఒక నిమిషం చూసి, తిరిగి తగిలించాడు. మూలనున్న పెద్ద గొడుగు, ఇద్దరు పట్టేది, తీసుకున్నాడు.

రంపం ఆగింది. "సార్," అన్నాడు చిన్న మేస్త్రి పై నుంచి.

నాన్న గొడుగు విప్పి, గడప దాటి, బజారు వైపు కాకుండా వడ్రంగుల వీధి వైపు తిరిగి వానలోకి వెళ్ళిపోయాడు.